వర్చువల్ లోకాల్లో భాషాబోధన

ఇంటర్నెట్‌లో చాలామంది ఒకేసారి ప్రవేశించి, తలా ఒక రూపం ధరించి, ఒకరితో ఒకరు మాట్లాడుకోగల కల్పిత స్థలాలను వర్చువల్ లోకాలు అంటారు. అక్కడ ఆట ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మనం కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోయినా ఆ లోకం అలాగే ఉంటుంది, మిగతావాళ్లు అందులో తిరుగుతూనే ఉంటారు. ఇలాంటి చోట్లను పరభాషలు నేర్పడానికి వాడుకోవడం 1990ల మొదట్లో మొదలైంది. అప్పటినుంచి సాంకేతికత ఎన్నోసార్లు వేషం మార్చింది. నేర్చుకునేవాళ్లకు అక్కరకొచ్చినది మాత్రం దాదాపు ప్రతిసారీ ఒకటే: ఎదుట ఒక మనిషి ఉండటం, ఆ మనిషితో ఏదో పని పడటం.

ఈ లోకాల్లో మనిషి వేసుకునే రూపాన్ని 'అవతార్' అంటారు. అది మన అవతారమే. 1986లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ కమోడోర్ 64 కంప్యూటర్ల మీద ప్రయోగాత్మకంగా నడిపిన 'హాబిటాట్' అనే లోకంలో, తెరమీద తిరిగే బొమ్మకు దాని రూపకర్తలు ఈ సంస్కృత పదాన్ని వాడారు.

అక్షరాలతో కట్టిన ఊళ్లు

ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 'మడ్' అనే ఆట రాయడం మొదలుపెట్టాడు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకువెళ్లాడు. అందులో బొమ్మలు లేవు. దారి, కొండ, ఇల్లు అన్నీ వాక్యాలే. ఉత్తరానికి నడవాలంటే 'నార్త్' అని టైపు చేయాలి, చుట్టూ ఏముందో తెలియాలంటే 'లుక్' అని కొట్టాలి. 1990లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధనా కేంద్రంలో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన 'లాంబ్డామూ' ఈ పద్ధతిని పోరాటాల నుంచి తప్పించింది. వచ్చినవాళ్లే గదులు కట్టుకుని, వస్తువులు చేసుకుని, కబుర్లు చెప్పుకునే ఊరు అది. ఆ తరహా ఊళ్లన్నిటికీ 'మూ' అనే పేరు నిలిచిపోయింది.

భాషలు నేర్పేవాళ్లకు ఇది వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. క్లాసులో 'మీరిప్పుడు హోటల్లో ఉన్నారనుకోండి' అని ఎంత చెప్పినా పిల్లలకు ఎదురుగా కనిపించేది బల్లలూ నల్లబల్లే. మూలో గదిలోకి వెళ్లాలంటే గది వర్ణన చదవాలి, తలుపు తీయాలంటే వాక్యం రాయాలి, పక్కన ఉన్న మనిషి ఎవరో తెలియాలంటే అడగాలి. చదవనిదే, రాయనిదే అడుగు పడదు.

ఈ తరహా ఊళ్లలో ఎక్కువగా పేరు పొందినది 'ష్మూజ్ యూనివర్సిటీ'. ఇంగ్లిష్‌ను పరభాషగా నేర్చుకునేవాళ్ల కోసం 1994లో న్యూయార్క్‌లోని హంటర్ కాలేజీ అధ్యాపకురాలు జూలీ ఫాల్సెట్టి, ఎరిక్ ష్వైట్జర్ సాయంతో దీన్ని స్థాపించారు. ష్మూజ్ అంటే యూదుల యిడ్డిష్ భాషలో పిచ్చాపాటీ. పేరు మధ్యలో మూ కూడా ఇమిడిపోయింది. కాలేజీ ఆవరణలాగే దీన్ని వాక్యాలతో కట్టారు. అందులో స్క్రాబుల్, హ్యాంగ్‌మన్ లాంటి మాటల ఆటలు ఉండేవి. సరైన వ్యాకరణం ఎంచుకుంటే తప్ప దారి దొరకని ఒక చిక్కుదారుల తోట కూడా ఉండేది. రకరకాల దేశాల విద్యార్థులు అక్కడ కలిసేవారు. వాళ్లందరికీ ఇంగ్లిష్ పరభాషే కాబట్టి ఒకరి తప్పు చూసి మరొకరు నవ్వే పని లేదు.

మూలో పాఠం ఎలా సాగేదో దగ్గరినుంచి చూడాలి. మాట్లాడటానికి ఒక పద్ధతి, చేష్ట చూపడానికి మరొకటి ఉండేవి. లిన్ అనే విద్యార్థిని కోలన్ గుర్తు పెట్టి 'స్మైల్స్' అని కొడితే, గదిలో ఉన్నవాళ్లందరి తెరలమీదా 'లిన్ స్మైల్స్' అని పడుతుంది. చివరి 'ఎస్' మరిచిపోతే 'లిన్ స్మైల్' అనే పడుతుంది. ప్రథమ పురుష ఏకవచన క్రియకు చివర 'ఎస్' చేర్చడం ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి పట్టుబడదు. ఇక్కడ ఎవరూ ఎర్రసిరాతో దిద్దనక్కర్లేదు, తన పేరు పక్కన తన తప్పు తనకే కనిపిస్తుంది. నవ్వినప్పుడల్లా, తల ఊపినప్పుడల్లా అదే అభ్యాసం. సంభాషణ మొత్తం ఫైలుగా మిగిలిపోతుంది కాబట్టి, టీచరు దాన్ని మర్నాడు ముందేసుకుని కూర్చుని పిల్లలతో చర్చించేవారు. నోటిమాటతో నడిచే క్లాసుకు ఈ సదుపాయం లేదు.

అవే సంవత్సరాల్లో స్పానిష్ కోసం 'ముండోహిస్పానో', ఫ్రెంచ్ కోసం 'మూఫ్రాన్సే' వచ్చాయి. లోపాలూ ఉండేవి. పదిమంది ఒకేసారి మాట్లాడితే వాక్యాలు వానజల్లులా దొర్లిపోయి, నెమ్మదిగా టైపు చేసేవాడు జవాబు రాసేలోపు విషయమే మారిపోయేది. ఉచ్చారణ నేర్పే దారి అసలే లేదు. ఆనాటి సర్వర్లకు ఇంగ్లిష్ అక్షరాలు తప్ప తెలియవు కాబట్టి స్పానిష్, ఫ్రెంచ్ అక్షరాల మీది గుర్తులు కూడా వదులుకోవలసి వచ్చేది. మన లిపి ఊసే లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోని తెలుగువాళ్లు యూజ్‌నెట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో కూడి, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకుంటూ సాహిత్య చర్చలు చేశారు.

సెకండ్ లైఫ్ వెలుగు, నీడ

కళ్లతో చూడగల త్రిమితీయ లోకాలు 1995 ప్రాంతంలో 'యాక్టివ్ వరల్డ్స్' లాంటి వాటితో వచ్చినా, భాషాబోధనను ఊపేసింది మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో తెరిచిన 'సెకండ్ లైఫ్'. ఇందులో నేల కొనుక్కోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, గాల్లో ఎగరవచ్చు. 2007లో గొంతుతో మాట్లాడే సదుపాయం చేరింది. దగ్గర నిలబడినవాడి గొంతు గట్టిగా, దూరంగా ఉన్నవాడిది సన్నగా వినిపించేది. దాంతో గుంపులో నలుగురు పక్కకు వెళ్లి విడిగా మాట్లాడుకోవడం కుదిరింది. భాషా ఉపాధ్యాయుల తొలి 'ఎస్‌లాంగ్వేజెస్' సదస్సు ఆ ఏడాదే ఆ లోకం లోపలే జరిగింది. స్పెయిన్ వారి సెర్వాంటెస్ సంస్థ, జర్మనీ వారి గోథే ఇన్‌స్టిట్యూట్ అక్కడ కేంద్రాలు తెరిచాయి. లాంగ్వేజ్‌ల్యాబ్ అనే సంస్థ ఇంగ్లిష్ నేర్పడానికి ఏకంగా ఒక నగరమే కట్టింది.

తొలినాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఒకటుంది. ఎగరగలిగే లోకంలోకి వెళ్లి నాలుగు గోడలు, వరుస కుర్చీలు, ఒక తెర పెట్టి పాఠాలు చెప్పారు. ఊరు మారినా క్లాసు మారలేదు. దీన్ని దాటినవాళ్ల పనే ఇవాళ చదవదగ్గది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం సెకండ్ లైఫ్‌లో కట్టిన చైనీస్ దీవిలో విద్యార్థి చైనీస్‌లోనే తన పనులు చక్కబెట్టుకోవలసి వచ్చేది. ఐరోపా సమాఖ్య నిధులతో 2009లో మొదలైన 'నిఫ్లార్' ప్రాజెక్టులో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విద్యార్థులు, స్పానిష్ టీచర్లు కావడానికి స్పెయిన్‌లోని వలెన్సియాలో శిక్షణ పొందుతున్నవారితో జంటలుగా తిరుగుతూ మాట్లాడారు. నేర్చుకునేవాడికి ఆ భాష పుట్టుకతో వచ్చిన తోడు దొరికింది, టీచరు కాబోయేవారికి పాఠం చెప్పే అనుభవం దొరికింది. అదే కాలపు 'అవలోన్' ప్రాజెక్టు ఇలాంటి చోట్ల బోధించడం ఎలాగో ఉపాధ్యాయులకు నేర్పింది.

మినెసోటా విశ్వవిద్యాలయంలో జూలీ సైక్స్ బృందం చేసిన 'క్రోకెలాండియా' ప్రయోగం మనవాళ్లు ప్రత్యేకంగా గమనించవలసినది. అది స్పానిష్ లోకం. పదాలు, వ్యాకరణం నేర్పడం దాని ప్రధానోద్దేశం కాదు. ఎవరిని ఎలా అడగాలి, తప్పు చేస్తే ఎవరికి ఎలా క్షమాపణ చెప్పుకోవాలి అన్నదే పాఠం. స్నేహితుడితో చెల్లిన మాట ఇంటి యజమానురాలి దగ్గర చెల్లదని, చెల్లకపోతే ఏమవుతుందో అక్కడే అనుభవించి తెలుసుకోవాలి. పాఠ్యపుస్తకం చెప్పలేనిది ఇదే.

ఈ లోకాల్లో విద్యార్థి నోరు ఎందుకు తెరుస్తాడన్న దానికి చాలామంది భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ ప్రతిపాదననే ఆధారం చేసుకున్నారు. భయం, సిగ్గు, ఆందోళన ఉన్నచోట భాష లోపలికి దిగదని ఆయన వాదం. అవతారం వెనక ముఖం కనపడదు, తప్పు మాట్లాడింది తెరమీది బొమ్మే. అందరికీ ఇది వర్తించదు. కొత్త కీలు, కొత్త బటన్లు చూసి మరింత బెదిరినవాళ్లూ ఉన్నారు. మొదటి క్లాసు కాస్తా నడవడం, కూర్చోవడం, మైకు సరిచేసుకోవడంతోనే గడిచిపోవడం చాలామంది ఉపాధ్యాయులకు ఎదురైన బాధ.

దెబ్బ డబ్బు రూపంలో వచ్చింది. విద్యాసంస్థలకు ఇస్తున్న సగం ధర రాయితీని ఆపేస్తున్నట్టు లిండెన్ ల్యాబ్ 2010 అక్టోబరులో ప్రకటించింది. టీనేజీ పిల్లల కోసం విడిగా నడిపిన లోకాన్నీ మూసేసింది. చాలా విశ్వవిద్యాలయాలు అక్కడ తాము తీసుకున్న దీవులు వదులుకున్నాయి, కొన్ని 'ఓపెన్‌సిమ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారాయి. 2013లో రాయితీని పునరుద్ధరించినా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగి రాలేదు. ఏళ్లు శ్రమించి కట్టిన బజార్లు, రైల్వేస్టేషన్లు ఆ నేలకు నెలనెలా కట్టే రుసుము ఆగిన రోజున మాయమయ్యాయి. ఉపాధ్యాయుల శ్రమ ఇలా ఒక సంస్థ ధరల పట్టికకు తాకట్టు కావడం ఈ చరిత్రలో నాకు మనసు చివుక్కుమనిపించే విషయం.

ఎవరూ నేర్పని చోట

పాఠం చెప్పే ఉద్దేశమే లేని ఆటల్లోనూ భాష నేర్చుకున్నారు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటలో కలిసిన ఒక అమెరికన్ విద్యార్థి, ఒక ఉక్రెయిన్ యువకుడి సంభాషణను స్టీవెన్ థోర్న్ అనే పరిశోధకుడు 2008లో విశ్లేషించాడు. మాటలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, మధ్యమధ్య రష్యన్‌లో సాగాయి. ఎదుటివాడు రష్యన్ మాట్లాడుతున్నాడని తెలియగానే అమెరికన్ కుర్రాడు ఆ భాష తెలిసిన తన పాత స్నేహితుణ్ణి మరో కిటికీలో పలకరించి, ఒక వాక్యం అడిగి తెచ్చుకుని ఆటలో వాడాడు. ఒకరి తప్పులు ఒకరు దిద్దుకున్నారు. పరీక్ష లేదు, మార్కులు లేవు. ఆ తరువాత తాను రష్యన్ క్లాసుల్లో చేరాలనుకుంటున్నానని ఆ విద్యార్థి చెప్పాడు. అవసరం పుట్టినచోట మనిషి భాషను ఎలా వెతుక్కుంటాడో చూపడానికి ఇంతకంటే మంచి నిదర్శనం నాకు తెలియదు.

తలకు తగిలించుకునే లోకాలు

2010ల మధ్యనుంచి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు మార్కెట్లోకి వచ్చాయి. తల తిప్పితే లోకం తిరుగుతుంది, చేయి ఎత్తితే అవతారం చేయీ లేస్తుంది. 'ఇమ్మర్స్' లాంటి సంస్థలు టీచరు నడిపే క్లాసులను హెడ్‌సెట్‌లో పెట్టాయి. అయితే ఈ దశలో నన్ను ఆకట్టుకున్నది వ్యాపార సంస్థల పని కాదు. 'వీఆర్‌చాట్' అనే లోకంలో బధిరులు, వినికిడి ఉన్నవాళ్లు కలిసి సంజ్ఞా భాషలు నేర్చుకుంటున్నారు. టీచరు ఎదురుగా నిలబడి చేతులు కదుపుతుంటే విద్యార్థులు చుట్టూ చేరి అనుకరిస్తారు. చేతిలోని కంట్రోలర్ అన్ని వేళ్ల కదలికలనూ పట్టుకోలేదు. కొన్ని గుర్తులు దానితో చేయడం కుదరదు కాబట్టి, అక్కడివాళ్లే వాటికి తగిన మార్పులు కల్పించుకున్నారు. పరికరం తక్కువైనచోట భాషే కాస్త ఒదిగి దారి చేసుకుంది.

మూతల కథ ఇక్కడా ఆగలేదు. ఇలాంటి లోకాలే అయిన మైక్రోసాఫ్ట్ చేతిలోని ఆల్ట్‌స్పేస్‌వీఆర్ 2023 మార్చిలో, మొజిల్లా నడిపిన హబ్స్ 2024 మే నెలాఖరులో మూతపడ్డాయి. హబ్స్ ప్రోగ్రాము ఉచితంగా అందరికీ అందుబాటులో ఉన్నందువల్ల దాన్ని సొంత సర్వర్ల మీద కొనసాగించే వీలు మిగిలింది.

తెలుగుకు దీనితో పని

విదేశాల్లో తెలుగు పిల్లలకు మన భాష నేర్పే సంస్థల్లో పెద్దదైన సిలికానాంధ్ర మనబడి 2007లో, అంటే సెకండ్ లైఫ్ వెలిగిపోతున్న ఏడాదే, మొదలైంది. అక్కడి పిల్లలకు అ ఆలు వస్తాయి, పద్యాలూ వస్తాయి. అమ్మానాన్నలతో తప్ప మరెవరితోనూ తెలుగులో పనిపడని పిల్లవాడు మాత్రం తాతగారిని కూడా 'నువ్వు ఎప్పుడు వచ్చావు' అని అడుగుతాడు. కండక్టరుతో ఒకలా, పిన్నితో ఒకలా, హెడ్మాస్టరుగారితో ఒకలా మాట్లాడాలన్నది వాళ్లు ఎదురైతేనే ఒంటబడుతుంది. క్రోకెలాండియా పెట్టుకున్న పని సరిగ్గా ఇదే.

దీనికి హెడ్‌సెట్లు, దీవులు అక్కర్లేదు. ష్మూజ్ లాంటి అక్షరాల ఊరు కట్టడానికి 'ఎవెన్నియా' అనే ఉచిత పైథాన్ సాఫ్ట్‌వేర్ ఉంది. అది యూనికోడ్‌ను అంగీకరిస్తుంది కాబట్టి తెలుగు లిపికి అడ్డు లేదు. ఇంగ్లిష్‌లో లిన్ 'ఎస్' మరిచినట్టే, ఇక్కడ పిల్లవాడు తాతగారి విషయంలో 'నవ్వారు' అనడానికి బదులు 'నవ్వాడు' అని కొడితే తెరమీద అదే పడుతుంది, గదిలో ఉన్న తాతగారు దాన్ని చదువుతారు. ఇక కావలసింది బస్టాండు, సంత, పెళ్లిపందిరి, అమ్మమ్మగారి వసారా గురించి చక్కటి తెలుగులో నాలుగేసి వాక్యాలు రాసేవాళ్లు, వారానికి ఒక గంట అక్కడ కూర్చుని పిల్లలతో కబుర్లు చెప్పేవాళ్లు. రిటైరైన తెలుగు మాస్టార్లూ, ప్రోగ్రామింగ్ వచ్చిన యువకులూ ఒకచోట చేరి ఈ పని తలకెత్తుకోవాలి.