రోరీ గాలహర్: స్టూడియోలో 7 నిమిషాలు, స్టేజీ మీద 9

ఫ్రెండ్స్, ఈరోజు ఐర్లండ్ బ్లూస్ రాక్ గిటారిస్ట్ రోరీ గాలహర్ ఆల్బమ్‌లు రెండు పక్కపక్కన పెట్టి విందాం. 1973లో స్టూడియోలో చేసిన 'టాటూ', మరుసటి ఏడాది వచ్చిన లైవ్ ఆల్బమ్ 'ఐరిష్ టూర్ 74'.

'ఎ మిలియన్ మైల్స్ అవే' పాట రెండింట్లోనూ ఉంది. స్టూడియోలో దాదాపు 7 నిమిషాలు. కొలిచి కట్టినట్టు ఉంటుంది, వంక పెట్టలేం. లైవ్‌లో 9 నిమిషాలు దాటుతుంది. అక్కడ రోరీకి తొందర లేదు. గిటార్ నెమ్మదిస్తుంది, మళ్లీ లేస్తుంది. నా ఓటు దీనికే.

అసలు 1971లో 'డ్యూస్' చేసినప్పుడే స్టూడియోలో లైవ్ ఊపు పట్టాలని చూశాడాయన. కొంతవరకే పట్టుబడింది. ఎందుకంటే స్టూడియోలో జనం ఉండరు కదా!

ఈ లైవ్ ఆల్బమ్‌లోని జనం ఎవరో తెలుసా? 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ హాళ్లకు వచ్చినవాళ్లు. అప్పుడు బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్నాయి. బయటి బ్యాండ్లు చాలావరకు అటు వెళ్లడమే మానేశాయి. రోరీ మానలేదు. అలాంటి రోజుల్లో పాట కోసం ఇల్లు దాటి వచ్చిన కుర్రాళ్లు వాళ్లు.

ముందు 'టాటూ'లో 'క్రేడిల్ రాక్' వినండి. వెంటనే లైవ్‌ది పెట్టండి. ఇయర్‌ఫోన్స్‌లో అయితే సౌండ్ కాస్త తగ్గించుకోండి.