పాలమూరు సీమలో సహాధ్యాయులు

సంఘముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా దాతలను, అధ్యక్షులను, బిరుదులు పొందినవారిని పేర్కొని విరమింతురు. అది తగినదే. అన్నము పెట్టిన చేతిని మఱచుట కృతఘ్నత. అయినను ఆ దాతల సొమ్ముతో చదివిన పిల్లలెవరు, వారి ప్రక్కను కూర్చున్నవారెవరు, చదువు నడుమనే లేచిపోయినవారెవరు అను విషయము మన వార్షిక సంచికలలో నంతగా కానరాదు. కావున ఈ మహాసభా సందర్భమున దానినిగూర్చి నాలుగు మాటలు విన్నవింప సంకల్పించితిమి.

తిమ్మాజిపేట జడ్చర్లకును నాగరుకర్నూలునకును నడుమనున్న గ్రామము. 2016వ సంవత్సరమున నాగరుకర్నూలు జిల్లా యేర్పడువఱకు నిది మహబూబునగరు జిల్లాలోనిది. మా పెద్దల నోట మాత్ర మెల్లప్పుడును పాలమూరే. నిజాము కాలమున నిచ్చటి బాలునకు వీథిబడియే గతి. పెద్దబాలశిక్ష, శతకపద్యములు, ఎక్కములు, కొంచెము జమాఖర్చు, అంతటితో చదువు ముగిసెడిది. 1916 నాటికి సికిందరాబాదునుండి గద్వాలవఱకు రైలుమార్గము పడినది. అప్పుడు జడ్చర్లలో బండి యెక్కిన పిల్లవాడు పట్టణమున దిగగలిగెను గాని, దిగినపిమ్మట నెవరింట భుజించుట? ఎచ్చట పండుకొనుట? చదువవలెనను కోరికకంటె నీ రెండు ప్రశ్నలే పెక్కుమందిని వెనుకకు మఱల్చినవి.

1918లో హైదరాబాదున నెలకొన్న రెడ్డి హాస్టలు ఈ ప్రశ్నలకు సమాధానమైనది. దానికి మూలపురుషులైన రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు మన సీమవారే. 1869లో వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో జన్మించి, నగరమునకు కొత్వాలు పదవి నలంకరించిరి. గద్వాల ప్రాంతమువారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1924లో ఆ హాస్టలు నిర్వహణభారమును వహించి గ్రంథాలయమును పెంపొందించిరి. 1926లో వారు గోలకొండ పత్రికను స్థాపించిన సంగతియు, 1934లో మున్నూట యేబదినలుగురు కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన సంగతియు పాఠకు లెఱిగినవే. తరువాత నితర సంఘములును తమ తమ వసతిగృహముల నేర్పరచుకొనెను.

ఆ 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. అందు బోధన ఉర్దూలో. ఇంట తెలుగు, తరగతిలో ఉర్దూ. ఈ రెంటి నడుమ చిక్కిన పల్లెపిల్లవానికి ప్రక్కనున్న సహాధ్యాయియే నిఘంటువు. పగలు పంతులు చెప్పిన పాఠమును రాత్రి లాంతరు వెలుగున నొకడు తెలుగున విడమరచి చెప్పగా, మఱియొకడు దానికి బదులుగా వానికి లెక్కలు చేసిపెట్టెడివాడు. మన పూర్వుల స్నేహములకు పునాది యీ యిచ్చిపుచ్చుకొనుటయే యని మా తలంపు.

ఒక కప్పు క్రింద భుజించిన వారందఱు నొకే త్రోవను నడచిరని యెవరును భ్రమింపరాదు. రెడ్డి హాస్టలున నుండి చదివిన రావి నారాయణరెడ్డిగారు తరువాత జాగీర్దారులను, దేశముఖులను ఎదిరించిన సాయుధపోరాటమునకు నాయకులైరి. 1952లో నల్లగొండనుండి, నెహ్రూగారికంటె నెక్కువ వోట్లతో, లోకసభకు ఎన్నికైరి. 1938లో వందేమాతరము పాడిరన్న కారణమున ఉస్మానియానుండి వెడలగొట్టబడిన విద్యార్థులు నాగపురమునకు పోయి చదువు కొనసాగించిరి. అట్లు చెదరినవారి స్నేహము తక్కినవారి స్నేహముకంటె గట్టిదని విందుము.

బాలికల సంగతి వేఱు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారు హైదరాబాదున ఆంధ్ర బాలికా పాఠశాలను నెలకొల్పిరి. తెలుగున చదివిన ఆ బాలికలు పరీక్షకొఱకు పుణెలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసి వచ్చెను. పాలమూరు పల్లెలనుండి అంతదూరము పోయిన యాడుపిల్ల లెందఱుందురో చదువరులే యూహింపగలరు.

ఇక మా కాలము. 1959లో జిల్లాపరిషత్తు లేర్పడిన పిమ్మట ఉన్నతపాఠశాలలు పల్లెల చెంతకు వచ్చినవి. బోధన తెలుగున సాగినది. మేము చదివిన తరగతిలో మన కులమువారు కొందఱే. వడ్రంగి కొడుకు, కురుమల పిల్లవాడు, మాదిగవాడనుండి వచ్చు బాలుడు, మసీదు ప్రక్కయింటి సాయెబుగారి కుమారుడు, అందఱు నొకే గదిలో గూర్చుండిరి. జొన్నరొట్టె మీద కారము, ఉల్లిగడ్డ మూటగట్టుకొని, చెప్పులు లేని కాళ్లతో, చేలగట్ల వెంబడి నడచి వచ్చెడివారము. రొట్టెలు మార్చుకొనుటలో మొదట సంకోచముండెను. ఆకలి దానిని తొలగించెను. ఈ సంగతిని కులసంఘపు సంచికలో వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. అయినను జరిగినది జరిగినట్లు వ్రాయుటయే చరిత్ర గదా!

దసరా గడచి మెట్టపంట లింటికి చేరిన పిమ్మట తరగతి పలుచబడెడిది. వానలు తప్పిన యేడు మఱింత పలుచన. గుంపుమేస్త్రీ వచ్చి ముందుగా బయానా యిచ్చిపోవును. తలిదండ్రులు పిల్లలతో గూడ గంపలు, పారలు కట్టుకొని ఆనకట్టల పనులకు వెడలెదరు. 1955లో పునాది పడిన నాగార్జునసాగరమందేమి, దేశమునందలి యితర ప్రాజెక్టులయందేమి, పాలమూరు కూలీల చెమట చిందని చోటు లేదు. వేసవికి కొందఱు బాలురు తిరిగివచ్చి మరల తరగతిలో చేరిరి, కొందఱు రాలేదు. మాలో లెక్కలయం దందఱికంటె చుఱుకైన బాలుడు అట్లు వెడలి తిరిగి రానివారిలో నొకడు. హాజరుపట్టీలో కొంతకాలము వానిపేరు పిలువబడెను. పిమ్మట దానిపై నెఱ్ఱగీత పడెను.

1969లో ప్రత్యేక తెలంగాణోద్యమము సాగినపుడు బడులు మూతబడినవి. ఎందఱికో చదువున నొక యేడు నష్టమైనది. ఆ ఖాళీదినములలో మేమొకరి చేలకొకరము పోయి కలుపు తీసితిమి, బావులలో ఈదితిమి, పాతపుస్తకములు మార్చుకొంటిమి. నష్టమైన యా యేడే మా స్నేహము ముదిరిన యేడు.

తరగతి ముగింపున తీయించిన గ్రూపు ఫోటోను నేడు పూర్వవిద్యార్థుల సమ్మేళనములలో చేతినుండి చేతికి అందించుకొని మురియుచున్నాము. అందున్నవారు పరీక్షవఱకు నిలిచినవారు మాత్రమే. పైగా ఫోటోకు రుసుము చెల్లింపలేక ఆనాడు బడికి రాకపోయినవారును గలరు. ఈ చిత్తరువునే తరగతి యని నమ్మినచో సగము తరగతిని మనమే తుడిచివేసినవారమగుదుము.

కావున ఈ సభకు విచ్చేసిన పెద్దలకును పోషకులకును మా మనవి యేమనగా, తమ యింట నట్టి ఫోటోలున్నయెడల వరుసక్రమమున పేర్లు వ్రాయించి సంఘకార్యాలయమునకు పంపవలయును. వెనుకవైపున, ఫోటోలో లేని సహాధ్యాయుల పేర్లను, వారే కులమువారైనను సరియే, గుర్తున్నంతవఱకు చేర్పవలయును. మన వసతిగృహపు విద్యార్థివేతనముల నిర్ణయించువారు వలసపోవు కుటుంబముల పిల్లలను మొదటి వరుసలో నుంచినచో మఱియు లెస్స. మా తరగతి పట్టికను మేము ప్రారంభించితిమి. గుంపులతో వెడలినవారిలో కొందఱి యింటిపేర్లు ఇంకను దొరుకవలసియున్నవి.