డేటా ఒకచోట, ప్రోగ్రాం ప్రతిచోటా

పర్సనల్ కంప్యూటర్లలో ఒకే డేటాబేస్‌లో పదిమంది ఒకేసారి పనిచేసుకునే దారి 1980లలోనే దొరికింది. ఆ పదిమంది కంప్యూటర్లలో ఉన్న ప్రోగ్రాంను ఎవరి పనీ ఆగకుండా మార్చడం మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సతాయించింది. చరిత్రలు ఎక్కువగా మొదటి సంగతే చెబుతాయి. నాకు రెండోదే అసలు కథ అనిపిస్తుంది.

ఆష్టన్-టేట్ వారి డేటాబేస్ ప్రోగ్రాం డీబేస్ II ఒక మనిషి, ఒక కంప్యూటర్ కోసం తయారైంది. 1983లో నోవెల్ వారి నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్ వచ్చాక సర్వర్‌లోని ఫైల్ ప్రతి కంప్యూటర్‌కూ సొంత డ్రైవ్‌లో ఉన్నట్టే కనిపించసాగింది. ఒకరు రాస్తున్నచోట మరొకరు చెరపకుండా లాక్ వేసే ఏర్పాటు 1984 నాటి డాస్ 3.0లో మొదలైంది. తర్వాత డీబేస్ బాటలోనే వచ్చిన ఫాక్స్‌ప్రో రాజ్యమేలింది. మన దగ్గర బీకాం కంప్యూటర్స్ చదివిన ఒక తరం డేటాబేస్ అంటే ఏమిటో దానితోనే నేర్చుకుంది.

1992 నవంబరులో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వచ్చింది. పట్టికలు, ఫారాలు, రిపోర్టులు, కోడు అన్నీ ఒకే ఎండీబీ ఫైల్‌లో. నేర్చుకునేవారికి ఇంతకన్నా సుఖం లేదు. అదే ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి అందరూ తెరిస్తే మాత్రం చిక్కే. యాక్సెస్ 2000 నుంచి అది మరీ బిగిసింది: ఫారంలో చిన్న మార్పు సేవ్ చేయాలన్నా మిగతావారంతా బయటికి రావాలి.

లోపల ఎవరున్నారో చూడ్డానికి ఎండీబీ పక్కనే పుట్టే ఎల్‌డీబీ ఫైల్ ఉండేది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్కొక్కరికి 64 బైట్లు: 32 కంప్యూటర్ పేరుకు, 32 యూజర్ పేరుకు. అయితే బయటికి వెళ్లిపోయినవారి పేర్లూ అందులో మిగిలిపోయేవి. అందుకే ఆ జాబితా పట్టుకుని, ఫారం తెరిచి భోజనానికి వెళ్లినవారెవరో సీటు సీటూ తిరిగి చూసుకోక తప్పేది కాదు.

విరుగుడు ఫైల్‌ను రెండుగా విడదీయడం. పట్టికలు బ్యాక్ ఎండ్‌గా సర్వర్‌లో, ఫారాలూ కోడూ ఫ్రంట్ ఎండ్‌గా ప్రతి కంప్యూటర్‌లో. ఒక ఫ్రంట్ ఎండ్ పాడైతే ఆ ఒక్క సీటే ఆగుతుంది. కానీ ఇరవై సీట్లుంటే ఇప్పుడు మార్చాల్సినవి ఇరవై కాపీలు!

ఇక్కడే ఆఫీసుల్లో పనిచేసే మామూలు ప్రోగ్రామర్ల తెలివి చూస్తే నాకు ఎంతో ముచ్చటేస్తుంది. తెరిచి ఉన్న ఫైల్ తనను తాను మార్చుకోలేదు కాబట్టి, డెస్క్‌టాప్ ఐకాన్‌కు ఒక బ్యాచ్ ఫైల్ తగిలించారు. అది ముందు సర్వర్ నుంచి కొత్త కాపీ దించి, ఆ తర్వాతే యాక్సెస్‌ను తెరుస్తుంది. ఇంకొందరు బ్యాక్ ఎండ్‌లో వెర్షన్ నంబరు కోసం ఒకే వరుస ఉన్న పట్టిక పెట్టారు. ఫ్రంట్ ఎండ్ తెరుచుకోగానే తన నంబరు పోల్చుకుని, పాతదైతే పని మొదలుపెట్టనివ్వదు. పట్టికల్లో మార్పులకూ వరస ఏర్పడింది: కొత్త కాలమ్ ముందే చేర్చాలి, పాతది మాత్రం అన్ని సీట్లూ కొత్త వెర్షన్‌కు మారాకే తీయాలి.

2005లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ 2.0తో వచ్చిన క్లిక్‌వన్స్ ఇదే ఆలోచనను పద్ధతిగా మార్చింది. ప్రోగ్రాం తెరిచినప్పుడు సర్వర్‌లో కొత్త వెర్షన్ ఉందేమో చూసి దించుకుంటుంది. వెబ్ అప్లికేషన్లతో ఒక్కో సీటుకు కాపీ చేయాల్సిన అవసరమే పోయింది. యాక్సెస్ కూడా 2013 వెర్షన్‌లో వెబ్ యాప్‌లు తెచ్చింది కానీ, షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో అవి 2018 ఏప్రిల్‌తో మూతపడ్డాయి.

ఫ్రంట్ ఎండ్, బ్యాక్ ఎండ్ పద్ధతినే నమ్ముకున్న ఆఫీసులకు అదే ఏడాది మరో దెబ్బ తగిలింది. విండోస్ 10 అప్‌డేట్ 1803 తర్వాత, షేర్డ్ ఫోల్డర్లలోని డేటాబేస్‌లు పొంతన తప్పిన స్థితిలో ఉన్నాయన్న హెచ్చరికలు చాలాచోట్ల మొదలయ్యాయి. అప్లికేషన్‌లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. నెట్‌వర్క్ ఫైల్‌ను ప్రతి కంప్యూటర్ తన దగ్గర కొంత దాచుకునే లీజింగ్ ఏర్పాటును ఫైల్ సర్వర్ రిజిస్ట్రీలో ఆపేస్తేగానీ ఆ గొడవ సద్దుమణగలేదు.