మలేషియాలో కార్ల అమ్మకపు పన్ను మినహాయింపు

మలేషియాలో కార్ల అమ్మకపు పన్ను మినహాయింపు కోవిడ్-19 వలన దెబ్బతిన్న మోటారు వాహన పరిశ్రమను ఆదుకొనుటకు ఆ దేశ ప్రభుత్వం 2020 జూన్ 15 నుండి 2022 జూన్ 30 వరకు అమలు చేసిన తాత్కాలిక రాయితీ. కొత్త ప్రయాణీకుల కార్లపై ఉన్న 10 శాతం అమ్మకపు పన్నును, దేశంలోనే విడిభాగాలు బిగించి తయారుచేసిన కార్లకు పూర్తిగాను, తయారై దిగుమతి అయ్యే కార్లకు సగానికి సగంగాను మినహాయించారు.

నేపథ్యం

మలేషియాకు సొంత కార్ల పరిశ్రమ ఉంది. ప్రోటాన్ 1983లోను, పెరొడువా 1993లోను స్థాపించబడ్డాయి. 2018 జూన్ 1న వస్తు సేవల పన్నును సున్నాకు తగ్గించి, సెప్టెంబరు 1న అమ్మకపు పన్నును తిరిగి ప్రవేశపెట్టారు. ఈ మధ్యనున్న మూడు నెలలలో కార్ల కొనుగోళ్ళు జోరుగా సాగాయి. 2020 మార్చి 18న లాక్‌డౌన్ మొదలయ్యాక, ఏప్రిల్ నెలలో దేశమంతటా అమ్ముడైన కొత్త వాహనాలు 141 మాత్రమే. జూన్ 5న అప్పటి ప్రధాని ముహియుద్దీన్ యాసిన్ 'పెంజానా' పునరుద్ధరణ పథకంలో భాగంగా ఈ మినహాయింపును ప్రకటించాడు.

పన్ను విధానం

అమ్మకపు పన్ను ఒకే దశలో, తయారీదారు వద్దగాని దిగుమతి సమయంలోగాని విధించబడుతుంది. అందువలన షోరూమ్ ధర పూర్తిగా 10 శాతం తగ్గదు. ఉదాహరణకు పన్ను విధించే విలువ 50,000 రింగిట్లయితే పన్ను 5,000 రింగిట్లు. పన్ను, డీలరు ఖర్చులు, లాభం కలిసి కారు ధర 62,000 రింగిట్లు అనుకుంటే, తగ్గుదల సుమారు 8 శాతమే. ఎక్సైజు సుంకం యథాతథంగా కొనసాగింది.

పొడిగింపులు

మొదట 2020 డిసెంబరు 31 వరకే అనుకున్న గడువును 2021 జూన్ 30కి, డిసెంబరు 31కి, చివరకు 2022 జూన్ 30కి పొడిగించారు. 2021 జూన్‌లో మళ్ళీ లాక్‌డౌన్ విధించడంతో షోరూములు, కర్మాగారాలు మూతపడ్డాయి. అదే కాలంలో ప్రపంచమంతటా ఎలక్ట్రానిక్ చిప్‌ల కొరత ఏర్పడింది. గడువులోగా బుక్ చేసుకున్నా కారు చేతికి రానివారు, తమ తప్పు లేకుండానే పన్ను చెల్లించవలసిన పరిస్థితి వచ్చింది. అందుచేత 2022 జూన్ 30లోగా బుక్ చేసుకున్నవారు 2023 మార్చి 31లోగా రిజిస్టరు చేయించుకుంటే మినహాయింపు వర్తిస్తుందని ప్రభుత్వం ప్రకటించింది.

ఫలితాలు

ఆర్థిక మంత్రిత్వ శాఖ లెక్క ప్రకారం 2022 జూన్ 20 నాటికి సుమారు 8.68 లక్షల వాహనాలకు ఈ రాయితీ లభించింది. ప్రభుత్వం వదులుకున్న పన్ను 470 కోట్ల రింగిట్లు. దేశంలో మొత్తం కొత్త వాహనాల అమ్మకాలు ఇలా ఉన్నాయి:

* 2019 - సుమారు 6.04 లక్షలు
* 2020 - సుమారు 5.29 లక్షలు
* 2021 - సుమారు 5.09 లక్షలు
* 2022 - సుమారు 7.20 లక్షలు
* 2023 - సుమారు 7.99 లక్షలు

పరిశీలన

గడువు ఉన్న రాయితీ, తరువాత కొనదలచినవారిని ముందే కొనేలా చేస్తుంది. కనుక గడువు తీరాక అమ్మకాలు పడిపోతాయని సాధారణంగా భయపడతారు. మలేషియాలో అలా జరగలేదు. పాత బుకింగులకు సైతం రాయితీ మార్చితో ముగిసిన 2023లోనే అమ్మకాలు ఇంకా పెరిగాయి. 2021లో గిరాకీని పన్ను తగ్గించి పెంచగలిగినా, మూతపడిన కర్మాగారాల నుండి కార్లను రప్పించడం సాధ్యం కాలేదు. కారు కొనే స్తోమత లేనివారికి ఈ రాయితీ వలన నేరుగా ఒరిగినదేమీ లేదు.

ఇవి కూడా చూడండి

* అమ్మకపు పన్ను
* మలేషియా ఆర్థిక వ్యవస్థ
* ఎక్సైజు సుంకం