గర్భిణికిచ్చే ఇన్సులిన్ బిడ్డకు చేరుతుందా? ఆధారాల పరిశీలన

గర్భిణికి ఇన్సులిన్ మొదలుపెట్టాలని వైద్యులు చెప్పగానే ఇంట్లో ముందుగా తలెత్తే సందేహం, ఆ మందు కడుపులోని బిడ్డకు చేరి హాని చేస్తుందా అన్నది. దీనిపై లభించిన ఆధారాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కనుక వాటిని వరుసగా తూచి చూడవలసి ఉంది.

1. ఇన్సులిన్‌ను తొలిసారి రోగికి ఇచ్చింది 1922 జనవరిలో, టొరంటోలో. అంతకుముందు మధుమేహం ఉన్న గర్భిణులలో తల్లీబిడ్డల మరణాలు తరచుగా సంభవించేవి. తరవాత పరిస్థితి మెరుగుపడింది. అయితే అదే కాలంలో కాన్పు వైద్యం, శిశు సంరక్షణ కూడా ముందుకు సాగాయి గనుక ఆ ఫలితాన్ని పూర్తిగా ఇన్సులిన్ ఖాతాలో వేయడం సరికాదు.

2. 1950లలో డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ ఒక వివరణ ప్రతిపాదించాడు. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. దానికి స్పందనగా బిడ్డ క్లోమమే ఇన్సులిన్‌ను అధికంగా స్రవిస్తుంది. బిడ్డ అతిగా బరువు పెరగడానికి, పుట్టగానే షుగర్ పడిపోవడానికి అదే కారణం కావచ్చు. తల్లి ఇన్సులిన్ మాత్రం, అణువు పెద్దది గనుక, చెప్పుకోదగినంతగా మాయను దాటదని తరవాతి పరిశీలనలు సూచించాయి.

3. దీనికి భిన్నమైన సాక్ష్యం 1990లో వెలువడింది. పశువుల నుంచి తీసిన ఇన్సులిన్, తల్లి శరీరంలోని ప్రతిరక్షకాలకు అంటుకుని, కొందరు శిశువుల బొడ్డుతాడు రక్తంలో కనిపించింది. అది బిడ్డ అధిక బరువుతో ముడిపడి ఉన్నట్టు కూడా తోచింది. అయితే 1992లో మానవ, పశు ఇన్సులిన్లను పోల్చిన ఒక ట్రయల్, బరువును ప్రభావితం చేసింది ప్రతిరక్షకాలు కాదని, షుగర్ అదుపేనని తేల్చింది. నేడు సాధారణంగా వాడేవి మానవ ఇన్సులిన్, దాని సవరించిన రూపాలు. కాబట్టి 1990 నాటి ఆందోళన వీటికి యథాతథంగా వర్తించకపోవచ్చు.

4. 2005లో ఆస్ట్రేలియా నుంచి వెలువడిన ట్రయల్‌లో గర్భధారణలో మధుమేహం వచ్చిన సుమారు 1,000 మంది స్త్రీలు పాల్గొన్నారు. చికిత్స పొందినవారి శిశువులలో తీవ్ర సమస్యలు 1 శాతం, సాధారణ సంరక్షణలో ఉన్నవారి శిశువులలో 4 శాతం. కానీ చికిత్స వర్గంలో ఇన్సులిన్ తీసుకున్నది దాదాపు 20 శాతమే. మిగిలినవారికి ఆహార నియమం, పర్యవేక్షణ సరిపోయాయి. 2008లో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రను, ఇన్సులిన్‌ను పోల్చినప్పుడు శిశువుల ప్రధాన సమస్యలు రెండు వర్గాలలోనూ సుమారు 32 శాతమే. అయితే మెట్‌ఫార్మిన్‌తో మొదలుపెట్టినవారిలో 46 శాతానికి తరవాత ఇన్సులిన్ కూడా చేర్చవలసి వచ్చింది.

5. ఇన్సులిన్ సవరించిన రూపాలన్నిటికీ ఆధారాల బలం ఒకే స్థాయిలో లేదు. వాటిలో ఒకటైన లిస్‌ప్రో వల్ల తల్లి కంటి రెటీనా దెబ్బతింటుందేమోనన్న అనుమానం 1990లలో తలెత్తినా, తరవాతి అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. ఆస్పార్ట్, డెటెమిర్‌లపై యాదృచ్ఛిక ట్రయళ్లు ఉన్నాయి. గ్లార్జిన్‌కు సంబంధించిన సాక్ష్యం మాత్రం ఎక్కువగా పరిశీలనాత్మకమైనది.

6. ఇన్సులిన్ వల్ల స్పష్టంగా తెలిసిన ప్రమాదం తల్లికి షుగర్ మరీ పడిపోవడం. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి తొలి నెలల్లో ఇది ఎక్కువ. నెలలు నిండేకొద్దీ సాధారణంగా మోతాదు పెంచవలసి వస్తుంది. కాన్పు కాగానే వేగంగా తగ్గించాలి.

గర్భధారణలో వచ్చే మధుమేహానికి భారత ప్రభుత్వ మార్గదర్శకాలు ముందుగా రెండు వారాల ఆహార నియమాన్ని సూచిస్తాయి. అప్పటికీ భోజనం చేసిన రెండు గంటలకు షుగర్ డెసిలీటరుకు 120 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ఉంటే మందు మొదలుపెట్టాలంటాయి.

పై ఆధారాలను కలిపి చూస్తే, సరైన మోతాదులో ఇచ్చే ఇన్సులిన్ కన్నా అదుపులేని షుగరే బిడ్డకు ఎక్కువ ముప్పని చెప్పడం సమంజసం. అందువల్ల బిడ్డకు హాని జరుగుతుందన్న భయంతో ఇంజెక్షన్ మానేయడానికి ఈ ఆధారాలలో మద్దతు లేదు. షుగర్ పడిపోతున్న లక్షణాలు తల్లికీ ఇంటివారికీ ముందే తెలిసి ఉండటం, మోతాదును వైద్యుల సలహాతోనే మార్చడం ఇన్సులిన్‌ను భద్రంగా వాడటానికి తప్పనిసరి షరతులు.