పురుగుమందు విషం: గండం గడిచిందనుకున్నాక వచ్చే పక్షవాతం

పురుగుమందు తాగిన మనిషికి సకాలంలో అట్రోపిన్ అందింది. చొంగ, చెమట తగ్గాయి, స్పృహ వచ్చింది, మాట్లాడుతున్నాడు. ఇక ఇంటికి తీసుకుపోతామని బంధువులు తొందరపడతారు. మూడవనాడు ఆ మనిషి దిండు మీది నుంచి తల ఎత్తలేడు. కొద్ది గంటలలో ఊపిరి తీసే కండరాలూ చచ్చుబడవచ్చు. ఈ రెండవ గండాన్ని వైద్యులు వేరుగా గుర్తించినది ఎంతో కాలం క్రితం కాదు.

1974లో పుణె నగరానికి చెందిన డాక్టర్ వాడియా, ఆయన సహచరులు ఆర్గానోఫాస్ఫేట్ మందులు మింగిన 200 మంది రోగుల నరాల లక్షణాలను నమోదు చేశారు. ఆసుపత్రికి వచ్చేసరికే ఉన్న లక్షణాలు అట్రోపిన్‌కు లొంగాయి. 24 గంటలు దాటాక తలెత్తిన కండరాల బలహీనత మాత్రం లొంగలేదు. ఈ తేడాను పట్టుకున్నది మన దేశపు వార్డులలోనే అన్నది గుర్తుంచుకోదగినది.

1987లో శ్రీలంక వైద్యులు నిమల్ సేనానాయకే, లక్ష్మణ్ కరల్లియెద్ద పదిమంది రోగుల అనుభవాన్ని ప్రచురించి, దీనికి ‘ఇంటర్మీడియట్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. విషం సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, భుజాలు, తొడలు, శ్వాస కండరాలు పట్టు తప్పుతాయి. వారు పేర్కొన్న మందులలో మన పత్తి రైతులు బాగా ఎరిగిన మోనోక్రోటోఫాస్ కూడా ఉంది.

‘ఇంటర్మీడియట్’ అంటే దేనికీ దేనికీ నడిమిది అని మీరు అడగవచ్చు. మొదటిది విషపు తొలి దెబ్బ. చివరిది రెండు మూడు వారాల తర్వాత పాదాలు వాలిపోయే నరాల జబ్బు. ఆ చివరిదాన్ని లోకం 1930లోనే చూసింది. మద్యనిషేధం నడుస్తున్న అమెరికాలో, ఇదే కుటుంబానికి చెందిన రసాయనం కలిసిన అల్లం సారాయి తాగి వేలమంది కాళ్లు ఈడ్చుకుంటూ మిగిలారు. మధ్యలోని గండమే ఆలస్యంగా కంటబడింది.

అట్రోపిన్ గ్రంథులనూ గుండెనూ కాపాడుతుంది, నరం కండరాన్ని తాకే చోట దానికి పని లేదు. అందుకే అక్కడ ఆధారం వెంటిలేటరే. కండరాలు కోలుకునే వరకు ఊపిరిని అది నడపాలి. రోగి లేచి కూర్చున్నా నాలుగైదు రోజులు ఆసుపత్రి విడిచి రాకండి. పూటపూటకూ దిండు మీది నుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఆ క్షణమే వైద్యుణ్ణి పిలవండి.