చెట్టు చవక, చెక్క ప్రియం

2021 మే నెలలో అమెరికాలో ఇల్లు కట్టుకునేవాళ్లకు కలప ధర విని కళ్లు బైర్లు కమ్మాయి. అంతకు ఏడాది ముందు, 2020 ఏప్రిల్ మొదట్లో, షికాగో ఫ్యూచర్స్ మార్కెట్లో వెయ్యి బోర్డు అడుగులు, అంటే మన అడితి లెక్కలో దాదాపు 83 ఘనపుటడుగులు, 300 డాలర్లలోపే పలికాయి. అదే సరుకు ఆ మే నాటికి 1,600 దాటింది. విచిత్రమేమిటంటే, జార్జియా, అలబామా రైతుల తోటల్లో నిలబడివున్న పైన్ చెట్టు రేటు మాత్రం పెద్దగా కదల్లేదు.

ఆ చెట్ల కథ 1985లో మొదలైంది. పంటల ధరలు పడిపోయిన రోజులవి. మట్టి కొట్టుకుపోయే భూముల్లో సాగు మానేస్తే ఏటా కౌలు ఇస్తామని అమెరికా ప్రభుత్వం ఓ పథకం పెట్టింది. దక్షిణాది రైతులు చాలామంది ఆ భూముల్లో పైన్ మొక్కలు నాటారు. దూలాలకు పనికొచ్చేలా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. తీరా అవి చేతికొచ్చే వేళకు 2008 సంక్షోభం వచ్చిపడింది. 2005లో 20 లక్షలు దాటిన కొత్త ఇళ్ల నిర్మాణం 2009లో ఐదున్నర లక్షలకు పడిపోయింది. మిల్లులు మూతపడ్డాయి. రేటు వచ్చాక కొట్టిద్దామని రైతులు ఆగారు. చెట్లు ఆగవు కదా, ఏటా లావెక్కుతూనే పోయాయి.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇందుకు పూర్తిగా భిన్నం. గడ్డకట్టే చలికి చావాల్సిన బెరడు పురుగు, వేడెక్కిన శీతాకాలాల్లో బతికి బట్టకట్టి, 1990ల చివరి నుంచి లక్షల హెక్టార్ల పైన్ అడవిని ఎండబెట్టింది. ఎండిన మానులు పాడైపోకముందే కోసేయాలని మిల్లులు కొన్నేళ్లు హడావుడి పడ్డాయి. అవి తరిగాక దుంగలు చాలక 2019లో ఎన్నో మిల్లులకు తాళాలు పడ్డాయి.

దుంగలున్న చోట మిల్లులు చాలవు, మిల్లులున్న చోట దుంగల్లేవు.

ఇంతలో కోవిడ్. గిరాకీ ఉండదనుకుని మిల్లులు కోత తగ్గించాయి, డీలర్లు నిల్వలు వదిలించుకున్నారు. జరిగింది వేరు. ఇంటిపట్టున ఉన్న జనం ఇళ్లకు మరమ్మతులు, కొత్త వసారాలు మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ల గృహరుణాలపై వడ్డీ తొలిసారి 3 శాతం దిగువకు రావడంతో కొత్త ఇళ్లకూ ఎగబడ్డారు. కొత్త మిల్లు లేవాలంటే ఏళ్లు పడుతుంది. కోసిన చెక్క ఎవరి దగ్గరుంటే వాళ్లు చెప్పిందే ధర అయింది.

కొనేవాళ్లు పనులు వాయిదా వేసుకోవడంతో 2021 ఆగస్టుకల్లా ధర 500 డాలర్ల దరిదాపులకు దిగింది. నవంబర్ వరదల్లో వాంకూవర్ రైలు మార్గాలు తెగడంతో మళ్లీ ఎగిసింది. 2022 అక్టోబర్‌లో గృహరుణ వడ్డీ 7 శాతం దాటేనాటికి మళ్లీ నేలకు దిగింది.

ఈ ఎగుడుదిగుళ్ల మధ్య మిల్లులే చోటు మార్చుకుంటున్నాయి. వెస్ట్ ఫ్రేజర్, కాన్‌ఫర్, ఇంటర్‌ఫర్ వంటి కెనడా కంపెనీలు సొంత గడ్డపై మిల్లులు మూసేస్తూ, దుంగ చవగ్గా దొరికే అమెరికా దక్షిణాదిలో కొనుక్కుంటూ వచ్చాయి.